చెవిన గాటున్న మేక

మా మలేషియాలో ఈపో వెళ్ళొచ్చిన వాళ్ళు గుహలు చూశామంటారు, పెసర మొలకలతో కోడి తిన్నామంటారు, తెల్ల కాఫీ పొట్లాలు తెచ్చి ఇరుగుపొరుగుకి పంచుతారు. నేను ఎవరికీ ఏమీ పంచలేదు. నేను వెళ్ళింది ఒక మేక కోసం. చేతులు గీరుకుపోయి, ఒక జోడు కొండకి ఇచ్చేసి, నోరంతా చేదుతో తిరిగొచ్చాను. ఆ కొండల గురించి రాయమని మా ఆదివారం తెలుగు బడి వాళ్ళు అడిగారు. అందంగా రాయమన్నారు. అందంగానే ఉంటాయి, కింద నిలబడి చూస్తే.

నా పేరు సత్యవతి. పోర్ట్ క్లాంగ్‌లో ఒక గిడ్డంగి ఆఫీసులో గుమాస్తాని. మా నాన్న ఎస్టేట్ గుమాస్తా. బెత్తం పక్కన పెట్టుకుని మాకు తెలుగు రాయడం నేర్పాడు. రాత ఆయన పుణ్యం. నోటి తెలుగు మాత్రం మా అమ్మది, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన వాళ్ళది. ఈ కథలో మనుషులు మాట్లాడేది ఆ తెలుగే.

బాగన్ దాతుక్

మా చెల్లెలు చిట్టి ఉండేది బాగన్ దాతుక్‌లో, కొబ్బరి తోటల మధ్య. క్లాంగ్‌లో మా ఇంటి ముందు నిలబడితే ఎదురింటి వంటగదిలో ఏం వేగుతోందో తెలుస్తుంది. అక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య ఒక మోటార్‌సైకిల్ పట్టే దూరం కాదు, పరిగెత్తే దూరం. సముద్రపు పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు వాకిట్లోకి వస్తాయి. నేను వెళ్ళేసరికి చిట్టి కొబ్బరిపాలలో పీతల కూర వండి పెట్టింది. నిలబడి వండింది. ఎడమ పాదానికి గుడ్డ చుట్టుకుని.

గుడ్డ విప్పమన్నాను. బొటనవేలు నల్లగా ఉంది. పక్క వేలు నలుపు తిరుగుతోంది. షుగరు. రెండు వేళ్ళు తీసేస్తే సరిపోతుందని డాక్టరమ్మ చెప్పిందట. ఆలస్యం చేస్తే ఎక్కడిదాకా పాకుతుందో తన చేతిలో ఉండదని కూడా చెప్పిందట. చిట్టి ఆ మాట విని లేచి ఇంటికి వచ్చేసింది.

కారణం మేక. రెండేళ్ళ కిందట చిట్టికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. లేచి నడిస్తే మేకనిస్తానని నూకాలమ్మకి మొక్కుకుంది. లేచింది, నడిచింది. అప్పుడే ఒక నల్ల మేకపిల్లని తెచ్చి, తన చేత్తోనే ఎడమ చెవికి గాటు పెట్టి, మెడలో గజ్జె కట్టింది. మా వాళ్ళలో గాటు పడ్డ మేక అమ్మ సొత్తు. దాన్ని అమ్మకూడదు, కొట్టకూడదు, దానికి బదులు ఇంకోదాన్ని ఇవ్వకూడదు. కొమ్ములొచ్చి నిండుగా ఎదిగాకే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మ తీసుకుంటానన్నట్టు. విదిలించకపోతే ఎవరూ కత్తి ఎత్తరు.

పోటునీళ్ళ బాధకి చిట్టి ఆ పిల్లని మా పెదనాన్న కొడుకు సిమ్మాచలం దగ్గర పెంపకానికి పెట్టింది. సిమ్మాచలం అన్న ఈపో దాటాక సున్నపు కొండల కింద మేకల్ని పెంచుతాడు. మేక ఎదిగింది, కొమ్ములొచ్చాయి. తీరా ఇవ్వాల్సిన రోజులొచ్చేసరికి కంచె దూకి కొండెక్కేసింది.

"నేనాసుపత్రికి రానని సెప్పినానా అప్పా," అంది చిట్టి. మా ఇళ్ళలో అక్కని అప్ప అంటాం. "అమ్మది అమ్మకి ఇచ్చేసి వత్తానన్నాను."

"అమ్మేటి, తేదీ ఏసి అడిగినాదా?"

"ఈ కాలు పడిపోతే అమ్మ నడిపించినాది. అమ్మ నడిపించిన కాలు మీద కత్తి పెట్టే ముందు ఆయమ్మకి ఇత్తానన్నది ఇయ్యొద్దా?"

నేను అరిచాను. ఇంగ్లీషులో అరిచాను, తమిళంలో అరిచాను. చిట్టి పీతల కూర ఇంకో గరిటె వేసింది. మా అమ్మ కూడా ఇంతే, ఎంత అరిస్తే అంత వడ్డించేది. నేను ఎంగిలి చేత్తోనే సిమ్మాచలం అన్నకి ఫోన్ చేసి, వస్తున్నానన్నాను.

కొండ కింద

ఆ కొండలు నేల మీద నుంచి మెల్లగా లేచేవి కావు. పామాయిల్ తోట ఉంటుంది, రోడ్డు ఉంటుంది, టీ కొట్టు ఉంటుంది, టీ కొట్టు వెనకాలే నిటారుగా గోడ. గోడ నిండా తెల్లటి గీతలు, పైన గుబురుగా అడవి. రోడ్డు పక్క కొండ పొట్టలో ఒక గుహ, గుహలో ఒక చిన్న చైనా గుడి. ఎర్ర దీపాలు, బల్ల మీద కమలాపళ్ళు. ఒక ముసలామె ముంగిలి ఊడుస్తోంది. మేం ఎక్కే దారి ఆ గుడి పక్కనుంచే పోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మేం పెట్టుకోలేదు.

సిమ్మాచలం అన్నకి అరవై దాటాయి. సన్నగా, గట్టిగా ఉంటాడు. నన్ను చూడగానే ముందు నా జోళ్ళు చూశాడు.

"సత్తీ, ఈటితోనా కొండెక్కుతావు?"

"కొత్తవే అన్నా."

"కొత్తవే కదలా బాధ."

టీ కొట్టులో రొట్టె చనాయ్ తిన్నాం, పరోటా లాంటిదే. క్లాంగ్‌లో కంటే చవక, పెద్దది, పప్పు మాత్రం నీళ్ళు. అక్కడే బాహ్ అలాంగ్ దొరికాడు. ఒరాంగ్ అస్లీ, ఆ కొండల్లో మనందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్ళలో ఒకడు. రోడ్డు పక్కన దురియన్ పళ్ళు అమ్ముకుంటున్నాడు. మేక కోసం కొండెక్కాలి, దారి చూపించమని మలయ్‌లో అడిగాం. పళ్ళు సగమైనా అమ్ముడవలేదని కదల్లేదు. సిమ్మాచలం అన్న మూడు పళ్ళు కొన్నాక లేచాడు. ఆ మూడు పళ్ళ కంపు మేం తిరిగొచ్చేదాకా కారులోంచి పోలేదు.

గజ్జెల చప్పుడు

సున్నపు రాయి ఎక్కడం అంటే మెట్లెక్కడం కాదు. ఎక్కడ చెయ్యి వేస్తే అక్కడ కోసుకుంటుంది. పేము తీగలకి ముళ్ళు. ఒకటి పట్టుకుంటే ఇంకోటి జడ పట్టుకుంటుంది. జలగల సంగతి చెప్పక్కర్లేదు, మేజోడు విప్పితే తెలుస్తుంది. మధ్యాహ్నం దాటగానే వాన. క్లాంగ్‌లో వాన పడితే కొట్ల ముందుండే ఐదడుగుల వసారా కిందకి తప్పుకుంటాం, అక్కడ తప్పుకోవడానికి ఏముంది, రాయిని కరుచుకుని నిలబడ్డాం.

మొదటి రోజే మేక కనిపించింది. పైన ఒక అంచు మీద, వానలో నిలబడి, తల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలించింది. నీళ్ళు పొగలా లేచాయి. గజ్జె మోగింది. సిమ్మాచలం అన్న చేతులు జోడించాడు.

"సూసినావా, ఎలా ఇదిలించినాదో. అమ్మ ఎప్పుడో ఒప్పేసుకున్నాదిలా."

మేం ఆ అంచు చేరేసరికి పెంటికలు మాత్రమే ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయని అన్న చెప్పాడు. నేను ముట్టుకోలేదు.

దిగేటప్పుడు ఒక మలుపులో ఫోనుకి సిగ్నల్ దొరుకుతుంది. చిట్టి ఎదురుచూస్తోంది.

"దొరికినాదా?"

"కనిపించినాది."

"పక్క ఏలు కూడా నల్లబడిపోనాది అప్పా. నొప్పి నేదులే."

నొప్పి లేకపోవడమే అసలు భయమని నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాను.

మర్నాడు ఇంకా పైకెక్కాం. రెండు కొండల మధ్య సందులోకి దిగి, అవతలి వైపు నుంచి. గజ్జె వినిపించింది, కాని కిందనుంచి. బాహ్ అలాంగ్ తల ఊపి, రాయి మోసం చేస్తుంది, పైన మోగితే కింద వినిపిస్తుంది అన్నాడు. పుట్టి పెరిగినవాడి మాట కదా అని నమ్మి, పైకే పోయాం. నా కుడి జోడు అడుగు అక్కడే ఊడిపోయింది. పేము తీగతో కట్టుకున్నాను.

పైన ఒక చదునులో కూర్చుని అన్నం తిన్నాం. బాహ్ అలాంగ్ బొంగులో కాల్చిన కర్రపెండలం పెట్టాడు. మా అన్నంలో ఉప్పుచేప వాడికి నచ్చింది. అప్పుడడిగాడు, మేక దొరికాక తనకి ఎంత మాంసం వస్తుందని. సిమ్మాచలం అన్న నిజం చెప్పేశాడు. మొక్కు మేక మాంసం అమ్మ గుడి దగ్గరే వండాలి, అక్కడే తినాలి, ఒక్క ముక్క కూడా హద్దు దాటి ఇంటికి తీసుకెళ్ళకూడదు. బాహ్ అలాంగ్ నవ్వాడు. తన వాళ్ళు ఒక కోతిని కొట్టినా ఊరందరికీ పంచుతారట, ముసలివాళ్ళకి ముందు. అంత దూరం తీసుకెళ్ళి అక్కడే తినేసి రావడం ఏం పద్ధతి అన్నాడు. మర్నాడు రానేలేదు. టీ కొట్టు పక్కన పళ్ళు అమ్ముకుంటూ చెయ్యి ఊపాడు.

ఎవరి మేక

అన్నా నేనూ ఇద్దరమే ఎక్కాం. దారి తప్పాం. తప్పిన దారిలోనే అది కనిపించింది. ఎదురుగా, మాకూ దానికీ మధ్య ఒక చీలిక మాత్రమే. నల్లగా, ఎత్తుగా, మెడ మీద గుర్రానికున్నట్టు జూలు. కొమ్ములు పొట్టిగా వెనక్కి తిరిగి ఉన్నాయి. కదలకుండా మమ్మల్నే చూస్తోంది.

"రా తల్లీ, రా," అని అన్న అరటిపండు చూపించాడు. "ఎంత ఎదిగిపోనాదో సూడు."

"అన్నా, గజ్జేదీ?"

"తెగిపోయుంటాదిలా."

నేను చెవి చూశాను. రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. గాటు లేదు. అది ఒక్కసారి ఫూమని ఊది, మనిషి చెయ్యి కూడా ఆనని గోడ మీదుగా పైకి పోయింది. రాళ్ళు జారాయి. ఒక రాయి అన్న మోకాలికి తగిలింది.

అది అడవి మేకట. కంబింగ్ గురున్ అంటారు మలయ్‌లో. దాన్ని ముట్టుకుంటే జైలేనని, దాన్ని ఒక్కసారి చూడడానికి పెద్ద పెద్ద కెమెరాలు పట్టుకుని ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, వారాలు కూర్చుని చూడకుండానే పోతారని టీ కొట్టతను తరవాత చెప్పాడు. మీరు అదృష్టవంతులు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్న కుంటుతున్నాడు, చిట్టి పాదం నల్లబడుతోంది, మాకు అడవి మేక దర్శనమిచ్చింది.

ఆ మలుపు దగ్గర మళ్ళీ ఫోన్ చేశాను. చిట్టి గొంతు సన్నగా ఉంది. జ్వరం. నలుపు పాదం మధ్యకి వచ్చిందని వాళ్ళాయన చెప్పాడు. ఆయన ఏడుస్తున్నాడు. ఆసుపత్రికి ఎత్తుకుపోతానంటే తలుపు గడియ వేసుకుందట.

నేను అన్న వైపు చూశాను. అన్న దొడ్డిలో నల్ల మేకలు చాలానే ఉన్నాయి. నేను నోరు తెరవకముందే చిట్టి మళ్ళీ ఫోన్ తీసుకుని అంది.

"ఇంకో మేక్కి సెవి కోసి తెత్తారేమో. నా సేత్తో పెట్టిన గాటు అది. నాకు తెలీదనుకోకండి."

అన్న పక్కకి తిరిగిపోయాడు. ఆయన కూడా అదే అనుకుంటున్నాడు.

ఇంకో రోజు ఎక్కాం. ఎందుకెక్కామో తెలీదు. అన్న మోకాలు వాచిపోయింది, నేను కర్ర పట్టుకుని నడుస్తున్నాను. సందులోకి దిగే చోట తాడు కట్టుకుని దిగాం, దిగాక ఎక్కలేకపోయాం. చుట్టూ తిరిగి రావడానికి పొద్దంతా పట్టింది. పైకి చూస్తే వాన, కిందకి చూస్తే బురద. ఆ బురదలో కూర్చుని అన్నతో చెప్పాను, నావల్ల కాదని. ఆయన తలపాగా విప్పి పిండుకున్నాడు.

"నా కంచే కదా దూకినాది. నాను నీ మొకమెలా సూసేది సత్తీ," అన్నాడు.

ఆయన్ని తిట్టాలని ఉంది. తిట్టడానికి ఓపిక లేదు. ఇద్దరం దిగిపోయాం.

గుహ గుడి

కింద చైనా గుడి దగ్గర కుళాయి ఉంది. కాళ్ళు కడుక్కోవడానికి ఆగాం. ముసలామె చీపురు పట్టుకుని మమ్మల్ని చూసి నవ్వింది. బల్ల చుట్టూ కమలాపండు తొక్కలు. తొక్కల మధ్య నల్లగా, గుండ్రంగా పెంటికలు. అన్న వంగి ఒకటి వేళ్ళతో నలిపి చూశాడు. అప్పుడు గజ్జె మోగింది.

ఎర్ర గుడ్డ కప్పిన బల్ల కింద పడుకుని ఉంది. నెమరువేస్తోంది. ఎడమ చెవిన గాటు.

ముసలామె మలయ్‌లో చెప్పింది. రోజుకోసారి కొండెక్కి వస్తుందట, మిగతా పొద్దంతా, రాత్రంతా ఈ బల్ల కిందేనట. దేవుడికి పెట్టిన పళ్ళు తింటుంది, తిననీ అని ఊరుకుందట. అది వచ్చాక గుడికి జనం పెరిగారట, శుభం అంది.

"మేం రోజూ మీ పక్కనుంచే ఎక్కుతున్నాం కదా ఆంటీ. చెప్పకపోయారా?"

"మీరు అడగలేదు," అంది. "వ్యాయామానికి ఎక్కుతున్నారనుకున్నాను."

నేను ఆ మెట్టు మీద కూర్చుండిపోయాను. కిందనుంచి వినిపించిన గజ్జె కిందనే మోగింది. మేం పైన రాళ్ళు గోక్కుంటున్నంతసేపూ ఇది కమలాపళ్ళు తింటోంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను, ముసలామె మాత్రం నాకు వేడి టీ తెచ్చిచ్చింది.

పిలవగానే మేక దగ్గరకొచ్చింది. అన్న దాని మెడకి తాడు వేశాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నారని ముసలామె అడిగింది. మాంసం వాసన కూడా సోకని గుడి అది. ఇంటికి, అన్నాడు అన్న. ఆమె దారిలో పెట్టమని ఒక సంచీ నిండా కమలాలు ఇచ్చింది.

నూకాలమ్మ దగ్గర

బాగన్ దాతుక్‌లో అమ్మ గుడంటే గుడి కాదు. కొబ్బరి తోటలో రేకు కప్పు కింద పసుపు రాసిన ఒక రాయి. చిట్టిని కుర్చీలో మోసుకొచ్చారు. పాదానికి గుడ్డ మీద గుడ్డ చుట్టినా వాసన ఆగడం లేదు. మేకని చూడగానే ముందు చెవి పట్టుకుని గాటు తడిమింది. మొహం తేటపడింది. ఎన్నాళ్ళకో ఆ మొహం చూశాను.

చిట్టి పెదమావగారు పసుపునీళ్ళు పోశాడు. మేక నిలబడింది. మళ్ళీ పోశాడు. వీపు మీద పోశాడు, నెత్తి మీద పోశాడు. ఎవరో చెవిలో పొయ్యమన్నారు, పోశాడు. నీళ్ళు పొట్ట కిందనుంచి ధారగా కారుతున్నాయి. మేక కళ్ళు సగం మూసి నెమరువేస్తోంది. కొండ మీద చినుకు పడితే విదిలించిన మేక. బిందె ఖాళీ అయింది, ఇంకో బిందె తెచ్చారు. అన్న చేతులు జోడించుకుని, "ఇదిలించు తల్లీ, ఇదిలించు," అని గొణుగుతున్నాడు. కత్తి పట్టుకున్నతను దాన్ని నేల మీద పెట్టి చెట్టుకి జేరబడ్డాడు.

నేను ఆ రాయిని చూశాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నూకాలమ్మని తిట్టుకున్నాను. మా అమ్మ నేర్పిన తెలుగులోనే తిట్టుకున్నాను.

నీళ్ళు ఆరిపోయేదాకా కూర్చున్నాం. చివరికి చిట్టే అంది.

"ఒద్దంటన్నాదిలే. తీసుకుపోండి."

"మేకనా?"

"నన్ను," అంది.

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చాం. రెండు వేళ్ళతో పోవాల్సింది, మోకాలి పైదాకా తీసేశారు. డాక్టరమ్మ ఇన్నాళ్ళు ఎక్కడున్నారని అడిగింది. మేక కోసం కొండ మీద ఉన్నామని చెప్తే ఆవిడకేం అర్థమవుతుంది. దూరం నుంచి వచ్చామన్నాను.

మళ్ళీ బాగన్ దాతుక్

చిట్టి ఇంటికి వచ్చాక చూడ్డానికి వెళ్ళాను. చక్రాల కుర్చీలో వరండాలో కూర్చుని ఉంది. అమ్మ వద్దన్న మేకని ఎవరూ కొనరు, ఎవరూ కొయ్యరు. అందుకని అది అక్కడే ఉంది, గజ్జెతో సహా. చిట్టి దానికి కమలాపళ్ళు ఒలిచి పెడుతోంది. అలవాటైపోయిందట, గడ్డి ముట్టడం లేదట.

నేను కోపం దాచుకున్నాను, తను ఏం దాచుకుందో తెలీదు. మధ్యాహ్నం వాన పట్టుకుంది. వాకిట్లో తిరుగుతున్న మేక పరిగెత్తుకుంటూ వరండా ఎక్కింది. చిట్టి కుర్చీ పక్కనే నిలబడి, తల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలించింది. మా ఇద్దరి మొహాలూ తడిసిపోయాయి.

చిట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. కుర్చీలో కాలుండాల్సిన చోటు ఒకసారి చూసుకుంది. తరవాత మేక గాటు చెవి పట్టుకుని, మెల్లగా అడిగింది.

"ఇప్పుడా."